గాడా గుడ్డ మీద నలభై నాలుగు పేర్లు: ఒక కలంకారీ డైరీ

ఆగస్టు 17

పంద్రాగస్టు నాడు స్కూల్లో జెండా వందనం అయ్యాక ఇంటికొచ్చి, అటక మీదున్న అవ్వ ట్రంకు పెట్టె కిందికి దించాను. నల్ల ఇనప పెట్టె. మూత మీద తెల్ల పెయింటుతో ఒక నంబరు, ఒక ర్యాంకు, ఒక పేరు ఉన్నాయి. అన్నీ ఇంగ్లీషు అక్షరాలే. అది మా చిన్నాన్న పెట్టె. ఆయన సైన్యానికి సరుకులు చేరవేసే ఆర్మీ సర్వీస్ కోర్‌లో డ్రైవరు. 1986లో శ్రీనగర్ నుంచి లేహ్ పోయే రోడ్డులో ఆయన లారీ లోయలో పడిపోయింది. దహనం అక్కడే చేసేశారు. ఊరికి పెట్టె ఒక్కటే వచ్చింది.

అవ్వ ఆ పెట్టెలో వేరుశనక్కాయలు పోసుకునేది. పొద్దున్నే కొంగుతో మూత తుడిచేది. అది కొడుకు పేరని తెలుసు, చదవడం మాత్రం రాదు. ఆమె పోయే దాకా ముప్పై ఏళ్లు అట్లా తుడుస్తూనే ఉండింది. అందుకే ఇంగ్లీషు అక్షరాల అంచులు అరిగిపోయి, 'ఆర్' ఏదో 'పి' ఏదో తెలియకుండా ఉన్నాయి.

ఆ పేరును తెలుగులో ఒకచోట రాయాలనిపించింది. ఒక్క ఆయనదే ఎందుకు, పాత చిత్తూరు జిల్లా నుంచి సైన్యంలోకి పోయి తిరిగిరాని వాళ్లవి ఎన్ని దొరికితే అన్నీ రాద్దాం అనుకున్నాను. నేను తిరుపతిలో డ్రాయింగ్ టీచర్ని. పెళ్లికి ముందు శ్రీకాళహస్తిలో కలంకారీ నేర్చుకున్నాను. కాళహస్తి పద్ధతిలో రామాయణం తెర వేస్తే ఒక్కో గడిలో ఒక్కో ఘట్టం వేసి, పైన సన్నటి పట్టీలో తెలుగులో కథ రాస్తారు. నా తెరలో బొమ్మలుండవు, ఆ పట్టీలే ఉంటాయి. ఒక్కో గడిలో ఒక మనిషి పేరు, ఊరు, యూనిట్, సంవత్సరం.

గడువు డిసెంబరు 7. సాయుధ దళాల పతాక దినం 1949 నుంచి ఆ రోజే జరుపుతున్నారు. చిన్నప్పుడు స్కూల్లో చొక్కాకు గుచ్చుకునే కాగితం జెండా అమ్మేవాళ్లు, గుర్తుందా? ఆ రోజుదే.

ఆగస్టు 31

పేర్లు సంపాదించడం ఇంత కష్టమని అనుకోలేదు. ఒక కార్యాలయానికి పోతే జాబితా ఉందన్నారు, ఇవ్వడానికి మాత్రం పైనుంచి ఆర్డరు కావాలన్నారు. అర్జీ రాసిచ్చాను. రెండుసార్లు తిరిగినా కదలిక లేదు. వాళ్ల చేతిలో ఉన్నది వాళ్ల సొంత ఆస్తి కాదు, ఈ ఊళ్ల బిడ్డల పేర్లు. బయటికొచ్చి బస్టాండులో కూర్చుంటే కళ్లలో నీళ్లు తిరిగాయి.

దారి చూపించింది నాయనే. ఆయన రిటైర్డ్ హవల్దార్. నెలకోసారి మిలిటరీ క్యాంటీన్‌కు పోతాడు. "క్యూలో నిలబడే ముసిలోళ్లను అడుగు, ఏ ఊర్లో ఎవుడు పొయినాడో వాళ్లకు తెలియంది లేదు" అన్నాడు. శనివారం ఇద్దరం పోయాం. సబ్బుల అట్టపెట్టె మీద నోటుబుక్కు పెట్టుకుని మధ్యాహ్నం దాకా రాశాను. పదకొండు పేర్లు వచ్చాయి. ఒకాయన ఇంటికి పోయి మరీ తన దోస్తు ఫొటో తెచ్చాడు. 1971 యుద్ధానికి పోయేముందు స్టూడియోలో ఇద్దరూ కలిసి దిగిన ఫొటో అది. అంచున స్టూడియో ముద్ర ఇంకా కనిపిస్తోంది.

ఒక్కో పేరుకు ఒక కార్డు పెట్టాను. ఇంట్లో పిలిచే పేరు, రికార్డులో ఉన్న పేరు, ఊరు, యూనిట్, ఏ సంవత్సరం, ఎక్కడ. ఇంటివాళ్లు సరేనంటేనే కార్డు ముందుకు కదులుతుంది. చాలామంది గుడ్డ మీద రాయమన్నారే గానీ ఫోన్లలో తిప్పమనలేదు. కాబట్టి ఆ పేర్లు ఈ డైరీలోకి రావు.

దేశమంతా పేపర్లలో వచ్చిన రెండు పేర్లు మాత్రం చెప్తాను. ఒకరు హవల్దార్ ప్రవీణ్ కుమార్ రెడ్డి. కాణిపాకం పక్కన ఇరాల మండలం రెడ్డివారిపల్లె, 18వ మద్రాస్ బెటాలియన్. 2020 నవంబరు 8న కశ్మీర్‌లోని మాచిల్ సెక్టార్లో చొరబాటుదార్లతో పోరాడుతూ అమరుడయ్యారు. రెండో వారు లాన్స్ నాయక్ సాయితేజ. కురబలకోట మండలం ఎగువరేగడ, పారా స్పెషల్ ఫోర్సెస్. 2021 డిసెంబరు 8న కూనూరు దగ్గర జనరల్ బిపిన్ రావత్‌తో పాటు హెలికాప్టర్ ప్రమాదంలో పోయారు. మద్రాస్ రెజిమెంట్ సెంటరు ఉండేది కూనూరు పక్కనే ఉన్న వెల్లింగ్టన్‌లో. ఆ హెలికాప్టర్ పోవాల్సింది కూడా వెల్లింగ్టన్‌కే. మా వైపు పిల్లలు ఎందరో మొదటిసారి బూటు తొడుక్కున్న ఊరు అది. రెండు కార్డులూ పక్కపక్కన పెట్టి చాలాసేపు చూస్తూ ఉండిపోయాను.

జిల్లా పేరు ఏమని రాయాలనేది ఇంకో చిక్కు. 2022 ఏప్రిల్‌లో మా జిల్లా మూడు చోట్లకు పోయింది. పోయిన మనిషి చిత్తూరు జిల్లా వాడిగానే పోయాడు. చివరికి జిల్లా వద్దు, ఊరు చాలు అనుకున్నాం.

సెప్టెంబరు 14

మదనపల్లె వైపు నుంచి ఒకామె ఫోన్ చేసింది. "మా ఆయనది యుద్ధం కాదక్కా. రాజస్థాన్‌లో డ్యూటీలో ఉండంగా గుండెపోటు. రాస్తారా, రాయరా?" ఆ గొంతులో ఉన్న బెరుకు నాకు బాగా తెలుసు. "మీ వాడు ఏ యుద్ధంలో పోయినాడు?" అని ఎవరైనా అడిగితే అవ్వ "లారీ పడి" అని తల దించుకుని చెప్పేది.

సైన్యం లెక్కలో రెండు రకాలని నాయన చెప్పాడు. బ్యాటిల్ క్యాజువల్టీ, ఫిజికల్ క్యాజువల్టీ. శత్రువు చేతిలోనో ఆపరేషన్లోనో పోతే మొదటిది. జబ్బుతోనో ప్రమాదంలోనో పోతే చాలావరకు రెండోది. పెన్షన్, సాయం, గౌరవాలు ఆ మాటను బట్టే మారతాయి. ఢిల్లీలో 2019 ఫిబ్రవరి 25న ప్రారంభించిన జాతీయ యుద్ధ స్మారకంలో పాతిక వేలకు పైగా పేర్లున్నాయి. ఒక్కో రాతి పలక మీద ఒక్కో పేరు. స్వాతంత్ర్యం తర్వాత యుద్ధాల్లో, ఆపరేషన్లలో నేలకొరిగిన వాళ్లవి అవి. మా చిన్నాన్న లాంటి వాళ్ల కోసం ఊళ్లోనే ఏదో ఒకటి ఉండాలి.

అందరూ ఒప్పుకోలేదు. క్యాంటీన్ దగ్గర పరిచయమైన సుబేదార్ తాత గట్టిగానే అడ్డుపడ్డాడు. "తూటా తగిలి పోయినోడిని, జ్వరమొచ్చి పోయినోడిని ఒకే వరసలో పెడితే ఆ తూటా తిన్నోడికి తక్కువ చేసినట్టు కాదా మా?" అన్నాడు. ఆయన 1971లో తన పక్కనున్న వాణ్ణి చేతుల మీద మోసుకొచ్చిన మనిషి. ఆ మాటకు వెంటనే జవాబు చెప్పలేకపోయాను.

నాయన చెప్పాడు. "అప్పట్లో ఆ లేహ్ రోడ్డులో జోజిలా కనుమ మంచుతో మూసుకుపోతే నెలల తరబడి దారుండేది కాదు సార్. అందుకే వేసవిలోనే పిండి, కిరోసిను, మందుగుండు అంతా పైకి మోసి పెట్టాల్సొచ్చేది. యుద్ధం లేకపోయినా ఆ లారీ పోవాల్సిందే. మావాడు పొయింది ఆ లారీలోనే."

నాకు మద్రాసు గుర్తొచ్చింది. కొన్నేళ్ల కిందట నాయనను ఆస్పత్రికి తీసుకెళ్లినప్పుడు నందంబాక్కంలోని వార్ సిమెట్రీకి పోయాం. రెండో ప్రపంచ యుద్ధం నాటి సమాధులు ఎనిమిది వందలకు పైగా ఉన్నాయక్కడ. ఆఫీసరుదైనా సిపాయిదైనా రాయి ఒకే కొలత. ఎండలో ఆ వరసల మధ్య నడుస్తుంటే ఎవరు పెద్ద, ఎవరు చిన్న అన్న ఆలోచనే రాదు.

గుడ్డకు కూడా ఆ కొలతే పెట్టాను. యూనిఫాంలో ఉండగా పోయిన వాళ్లందరూ ఉంటారు. అందరికీ ఒకే సైజు గడి. వరస ర్యాంకును బట్టి కాకుండా సంవత్సరాన్ని బట్టి. ఎట్లా పోయారో రాయను, ఎక్కడ పోయారో రాస్తాను. పేరు పెద్దక్షరాల్లో, కింద చిన్నగా ర్యాంకు, యూనిట్. సుబేదార్ తాత ఇప్పటికీ పూర్తిగా ఒప్పుకోలేదు. అయినా మరుసటి వారం రెండు కార్డులు నింపి పంపించాడు. అందులో ఒకటి కామెర్లతో పోయిన వాడిది.

సెప్టెంబరు 21

మొదటి గుడ్డ పాడైంది. కలంకారీకి వాడే ముతక నూలు గుడ్డను గాడా అంటారు. గాడా అని చెప్పి కొట్టువాడు ఇచ్చింది నిజమైన గాడా కాదు, మిల్లులో ఏదో పూత పట్టించిన గుడ్డ. రెండుసార్లు నానబెట్టి ఉతికినా గంజి వదల్లేదు. కరక్కాయ కలిపిన గేదె పాలు ఒకచోట పట్టాయి, ఒకచోట జారిపోయాయి. ఆరాక చూస్తే దేశపటంలా మచ్చలు. నాలుగు మీటర్ల గుడ్డ, రెండు లీటర్ల గేదె పాలు, ఆదివారం మొత్తం పోయింది.

సెప్టెంబరు 28

శ్రీకాళహస్తి పోయి గురువు గారి దగ్గర గాడా తెచ్చుకున్నాను. ఆయనకిప్పుడు కళ్లు సరిగా కనపడవు. గుడ్డను వేళ్ల మధ్య నలిపి, చెవి దగ్గర పెట్టుకుని చరచర శబ్దం విని "ఇది తీసుకో" అన్నారు.

కసిం, అంటే కలంకారీలో గీతకు వాడే నల్ల సిరా, కూడా తయారైంది. నేర్చుకునే పిల్లలు చదువుతారేమో, అందుకే కొంచెం వివరంగా చెప్తాను. మట్టికుండలో తుప్పు పట్టిన ఇనప ముక్కలు, మేకులు, పాత గుర్రపు నాడాలు వేసి, బెల్లం, తాటిబెల్లం కలిపిన నీళ్లు పోసి మూత కట్టి మూడు వారాల దాకా పులియబెట్టాలి. పైన నురగ కట్టి అణిగాక వడగట్టుకుంటే చాయ్ రంగు నీళ్లు వస్తాయి. చూస్తే ఇది నలుపా అనిపిస్తుంది. కరక్కాయ పట్టిన గుడ్డకు తగలగానే, కళ్ల ముందే నల్లబడుతుంది. కరక్కాయలోని వగరూ ఇనుమూ కలిస్తే వచ్చే నలుపు అది. గేదె పాలలో వెన్న ఉంటుంది కాబట్టి గీత పక్కకు పాకదు.

నేను కుండలో నాడాలతో పాటు చిన్నాన్న పెట్టెకుండిన విరిగిన గొళ్లెం కూడా వేశాను. నాయనను అడిగే వేశాను.

గురువు గారు ఒక జాగ్రత్త చెప్పారు. "కసిం ఘాటుగా ఉంటే గీత బాగా కనిపిస్తుంది, కానీ గుడ్డను తినేస్తుంది. పాత తెరలు చూడు, నల్లగీత ఉన్నచోటే దారాలు తెగుంటాయి. పల్చగా వాడు, రాశాక బాగా జాడించు. పేర్లు కదా, నీ తర్వాత కూడా ఉండాల." అందుకని ఘాటు తగ్గించి, ముక్క గుడ్డ మీద మూడు రకాలు రాసి చూశాను. మధ్యదానికి ఓటేశాను.

అక్టోబరు 5

దసరా సెలవులు. నాయనా నేనూ బస్సుల్లో తొమ్మిది ఊళ్లు తిరిగాం. చాలా ఇళ్లలో ఫొటోకు దండ, పక్కన మెడల్ పెట్టె, ట్యూబులైటు వెలుగు. ఒక ఇంట్లో 1965 నాటి టెలిగ్రాం చూపించారు. అద్దాల ఫ్రేములో దేవుడి పటాల వరసలోనే పెట్టారు. అక్షరాలు ఎగిరిపోయి కాగితం గోధుమరంగుకు వచ్చింది. అందులో ఏముందో ఇంటిల్లిపాదికీ నోటికి వచ్చు. 2013లో దేశంలో టెలిగ్రాం సేవే ఆగిపోయింది, ఆ ఒక్క కాగితం మాత్రం ఆ గోడ మీద ఇంకా ఉంది.

పుంగనూరు వైపు ఒక ఊళ్లో పొలం గట్టున వీరగల్లు చూపించారు. మనిషి ఎత్తు రాయి. ఒక చేత్తో కత్తి, ఇంకో చేత్తో విల్లు పట్టుకున్న వీరుడు, పైన అతణ్ణి స్వర్గానికి తీసుకెళ్తున్న అప్సరసలు. మా జిల్లాలో ఇలాంటివి చాలా ఉన్నాయి. బాణులు, వైదుంబులు, నొళంబులు అనే పాత రాజవంశాలు ఈ నేల కోసం కొట్టుకున్న రోజుల్లో, వెయ్యేళ్లకు పైబడిన కాలంలో నిలబెట్టినవి. కొన్నిటి మీద సోరెమడి యుద్ధం పేరు కూడా చెక్కి ఉంటుంది. ఆవులమందను కాపాడబోయి చచ్చిపోయిన వాడికి కూడా రాయి నిలబెట్టారు. ఈ సంగతి సుబేదార్ తాతకు చెప్పాలని అక్కడే అనుకున్నాను. రాయికి పసుపు, కుంకుమ, ఒక ఎండిన మందారం. పేరు చదవగలిగేవాళ్లు ఊళ్లో ఎవరూ లేరు. అయినా పూజ ఆపలేదు.

ఇల్లు చేరేసరికి 44 కార్డులు పూర్తయ్యాయి.

నవంబరు 2

రాయడం మొదలుపెట్టాను. గుడ్డను కరక్కాయ, పాలలో ముంచి పిండి, ఎండలో ఆరేశాక లేత పసుపు ఛాయ వచ్చింది. పాలవాసన వారం రోజులు ఇంటిని వదల్లేదు. చింతబొగ్గుతో గడులు గీశాను. నాలుగు వరసలు, వరసకు పదకొండు.

కలం వెదురుపుల్లది. కొసకు కాస్త పైన ఉన్ని చుట్టి దారంతో బిగిస్తే అది కసింను పీల్చుకుంటుంది. బొటనవేలితో ఎంత నొక్కితే అంత చుక్క దిగుతుంది. బొమ్మ గీసేటప్పుడు చెయ్యి పరుగెత్తుతుంది. పేరు రాసేటప్పుడు అట్లా కుదరదు. 'శ్రీ' వస్తే మెలికలో ఊపిరి బిగబట్టాలి. మా వైపు 'ముని'తో మొదలయ్యే పేర్లు ఎక్కువ. మొదటి వరసలోనే మూడు వచ్చాయి. మూడో 'ము' రాసేసరికి కొమ్ము ఎక్కడ తిప్పాలో వేలికి తెలిసిపోయింది.

రాత్రికి నాలుగు పేర్లే అయ్యాయి. మెడ పట్టేసింది. 1962తో మొదలైంది వరస.

నవంబరు 9

తప్పు జరిగింది.

రాసిన ప్రతి పేరునూ ఫొటో తీసి ఇంటివాళ్లకు వాట్సాప్‌లో పంపుతున్నాను. పూతలపట్టు వైపు నుంచి ఒక అబ్బాయి ఫోన్ చేసి, తన అవ్వకు ఇచ్చాడు.

"మా, నువ్వు 'ధర్' అని రాసినావంట?"

"అవునవ్వా. రికార్డులో అట్లనే ఉంది."

"మావాడు 'ధరం' మా. 'ధర్' అని పిలిచేది వాళ్ల ఆఫీసులో. నేను పెట్టింది 'ధరం'. వాళ్ల తాత పేరు."

నేను రికార్డు చూసి రాసేశాను. ఇంగ్లీషులో ఎవరో క్లర్కు 'ఏ-ఎం' వదిలేశాడు, ఆయన సర్వీసంతా అట్లనే గడిచిపోయింది. కార్డు మీద 'ఇంట్లో పిలిచే పేరు' అన్న చోట అబ్బాయి చిన్నప్పటి ముద్దుపేరు రాశాడు, నేను ఇంకోసారి అడగలేదు. ఈ పని మొదలుపెట్టిందే దీనికోసం అయినప్పుడు, అడగాల్సింది నేను.

పొల్లు తీసేయాలి, తలకట్టు పెట్టాలి, పక్కన సున్నా పెట్టాలి. గీత మూడు మిల్లీమీటర్లు. కసిం ఒకసారి పట్టాక నీళ్లకు పోదు. గురువు గారికి ఫోన్ చేశాను. "నిమ్మరసం" అన్నారు. "పులుపుకు ఇనుము వదులుతుంది. కానీ దూదితో రుద్దొద్దు, పుల్లకొసతో చుక్క పెట్టి అద్దుతూ పో. అక్కడ కరక్కాయ కూడా పోతుంది కాబట్టి మళ్లీ పాలు పట్టించి, ఎండనిచ్చి, అప్పుడు రాయి."

గుడ్డ కింద పాత నూలు చీర మడిచి పెట్టి, అగ్గిపుల్ల కొసతో నిమ్మరసం చుక్క పెట్టాను. నలుపు మొదట బూడిదరంగుకు తిరిగి, తర్వాత గోధుమరంగు, తర్వాత పోయిందా లేదా అన్నట్టు. అద్దడం, మళ్లీ చుక్క, అద్దడం. నలభై నిమిషాలు పట్టింది. తర్వాత నీళ్లద్ది, వేలికొసంత చోటుకు కరక్కాయ పాలు పూసి ఎండలో పెట్టాను. సాయంత్రం తలకట్టు పెట్టి, సున్నా చుట్టాను. నలుపు సరిగ్గానే దిగింది. చుట్టూ సన్నటి మరక మాత్రం మిగిలింది.

ఆ రాత్రే మిగిలిన కార్డులన్నీ తీసి, ఒక్కో ఇంటికీ ఫోన్ చేసి, తల్లి ఉంటే తల్లినే పలకమన్నాను. ఇంకో ఐదు మారాయి. ఒక 'రాజ్' 'రాజులు' అయ్యాడు. ఒక 'పథి' మామూలు 'పతి' అయ్యాడు. ఇంటిపేరులో ఒక 'ల' 'ళ' అయింది.

పేరు గురించే ఒక మాట. తిరుపతివాసి మేజర్ జనరల్ చిత్తూరు వేణుగోపాల్ గారు 1971లో 5/1 గూర్ఖా రైఫిల్స్‌ను నడిపించి మహావీర చక్ర అందుకున్నారు. ఆ యుద్ధానికి యాభయ్యో ఏడు మొదలయ్యాక, 2021 ఫిబ్రవరిలో, ఆ గెలుపుకు గుర్తుగా దేశమంతా తిప్పిన విజయజ్యోతి తిరుపతిలో ఆయన దగ్గరికి వచ్చింది. అప్పుడు నాయన టీవీ ముందు నుంచి లేవలేదు. "ఎంత మంది గూర్ఖా పిల్లోళ్లు 'చిత్తూరు' అని పలికుంటారో ఆయన వల్ల" అన్నాడు. మా ఊరి పేరు అట్లా కూడా దూరాలు పోయింది.

నవంబరు 16

వాయుగుండం. నాలుగు రోజులుగా ఎండ లేదు. 38 పేర్లయ్యాయి. గుడ్డ మడిస్తే మరకలు పడతాయని హాల్లో తాళ్లు కట్టి పరిచి ఉంచాం. ఇంట్లో వాళ్లం దాని కిందుగా వంగి నడుస్తున్నాం.

నవంబరు 20

ఈ రోజు చిన్నాన్న గడి. 1986.

ఇది చివర్న రాద్దామనుకున్నాను. కానీ వరస సంవత్సరాలది, ఆయనకు వేరే రూలు పెట్టకూడదని ఆగాను. పైగా ఈ వారం ఆయన గడి దాటేసి కిందివి రాసేస్తున్నానని నాయన గమనించాడు. ఏమీ అనలేదు. పెట్టె తెచ్చి నా పక్కన పెట్టి, కుర్చీ వేసుకుని కూర్చున్నాడు.

నేను అడగకుండానే నంబరు అప్పగించాడు. అంకెలన్నీ గడగడా. పెట్టె మూత మీద చూస్తే సరిగ్గా అదే. "ఎట్లా గుర్తుంది నాయనా?" అన్నాను. "అమ్మకు మనియార్డరు వస్తే ఫారం మీద అదుండేది. చదివి వినిపించేది నేనే కదా" అన్నాడు. చిన్నాన్న పేరులో ఆరు అక్షరాలు, ఒక వత్తు. వత్తు రాసేటప్పుడు నాయన ముందుకు వంగాడు. ఆయన నీడ గుడ్డ మీద పడితే జరగమన్నాను. జరిగాడు.

నవంబరు 27

పేర్లన్నీ అయ్యాక అంచు. అంచుకు ఎరుపు, ముదురు నీలం, లేత నీలం పెట్టాలని నాయన అడిగాడు. పతాక దినం జెండా మీదుండే మూడు రంగులవి, త్రివిధ దళాలకు ఒక్కోటి. ఎరుపు కోసం అంచున గీసిన లత మీద పటిక నీళ్లు రాసి, రెండు రోజులు ఆరనిచ్చి, జాడించి, మంజిష్ఠ వేసి రాగి గంగాళంలో ఉడకబెట్టాను. పటిక తగిలిన చోటే ఎరుపు పట్టుకుంటుంది. ఉడికేటప్పుడు కట్టెతో తిప్పుతుంటే నీళ్లలో పేర్లు పైకి తేలి మళ్లీ మునుగుతున్నాయి. కసిం కరుగుతుందేమోనని ఒకటే టెన్షన్. కరగలేదు.

తర్వాత పేడనీళ్లలో రాత్రంతా నానబెట్టి, ఉతికి, నీళ్లు చల్లుతూ ఎండబెడితే పసుపు ఛాయ పోయి గుడ్డ తెల్లబడింది. సువర్ణముఖిలో జాడించాలని ఆశపడ్డాను గానీ వానలకు నది ఎర్రగా పారుతోంది. బోరు నీళ్లతోనే కానిచ్చాను. నీలిమందు పని రెండు రోజుల్లో అయిపోయింది.

డిసెంబరు 7

మాజీ సైనికుల సంఘం హాల్లో వెదురుబొంగుకు కట్టి వేలాడదీశాం. ఉపన్యాసాలు పెట్టలేదు. పొద్దున తొమ్మిది నుంచి ఎవరికి వీలైనప్పుడు వాళ్లు వచ్చారు.

పూతలపట్టు అవ్వ మనవడితో వచ్చింది. "ఏదిరా మీ చిన్నాయనది?" అంది. వాడు ఆమె వేలు పట్టుకుని గడి మీద పెట్టాడు. ఆమె ఒక్కో అక్షరం మీదా వేలు ఆనిస్తూ "ఇదేందిరా, ఇదేందిరా" అని అడిగింది. చివరి సున్నా దగ్గర ఆగింది.

"ఈడ మరకుండాదే?"

"తప్పు రాసి దిద్దినానవ్వా. నువ్వు చెప్పినాక."

"ఉండనీలే. ఏం కాదు" అని ఆ మరక మీదే ఇంకాసేపు వేలుంచింది.

మదనపల్లె నుంచి ఫోన్ చేసినామె ఇద్దరు పిల్లలతో వచ్చింది. చిన్నపిల్ల వాళ్ల నాన్న పేరు గట్టిగా చదివింది. ఆ పక్కగడిలో ఉన్నది కూడా చదవమంది వాళ్లమ్మ. అట్లా ఆ వరసంతా చదివింది. సుబేదార్ తాత కుర్చీలోంచి లేచి, పాప చదివినంతసేపూ నిలబడే ఉన్నాడు. పాప ఆపాక నా దగ్గరికొచ్చి "కామెర్లోడిది కూడా బాగా రాసినావు మా" అన్నాడు. వీరగల్లు సంగతి అప్పుడు చెప్పాను. ఆ ఊరు ఎక్కడని అడిగి కాగితం మీద రాసుకున్నాడు.

ఒకాయన మంచి మనసుతోనే అడిగాడు. "కింద ఒక వరస ఖాళీ వదలాల్సింది టీచరమ్మా, ఇంకా పేర్లు వస్తాయి కదా." ఈ మాట ముందే వస్తుందని అంచును నాలుగువైపులా మూసేశాను. ఈ రోజు సరిహద్దులో డ్యూటీలో ఉన్న ఏ పిల్లవాడి కోసమూ నేను ఖాళీ గడి గీసి పెట్టలేను. పాత పేర్లు దొరికితే ఇంకో గుడ్డ మొదలుపెడతాను.

మధ్యాహ్నం మూడింటికి హాలు తాళం వేయబోతుంటే సత్యవేడు వైపు నుంచి ఒక పెద్దాయన ప్లాస్టిక్ కవరుతో వచ్చాడు. లోపల డిశ్చార్జ్ బుక్కు సైజులో ఒక పాత పాస్‌బుక్కు, ఒక ఫొటో. తన అన్నది. 1965. "పేపర్లో చూసి వచ్చినా, ఆలస్యమైపోయిందా?" అన్నాడు. కూర్చోబెట్టి కార్డు తీశాను. ముందు ఇంట్లో ఏమని పిలిచేవాళ్లో, పూర్తి పేరు అమ్మ ఎట్లా పలికేదో అడిగాను.

డిసెంబరు 14

కార్డులు మూడయ్యాయి. నిన్న కొత్త కుండలో ఇనుము, బెల్లం, తాటిబెల్లం వేసి మూత కట్టాను. సంక్రాంతి సెలవులకు కసిం దిగుతుంది. గురువు గారు ఇంకో మూడు మీటర్ల గాడా తీసి పెట్టానని కబురు చేశారు.